పన్నెండో ఇంట్లో కాఫీ

హన్నాకి ముప్పై రెండేళ్లు. చదవడం, లెక్క కట్టడం నిదానం. మనుషుల్ని కనిపెట్టడంలో మాత్రం ఘటికురాలు. తనలాంటి వాళ్లని ఇళ్లలో ఎలా చూసుకుంటున్నారో తెలుసుకునే సర్వేలో విజయవాడ కాలేజీ వాళ్లు ఆమెని కూడా పరిశోధకురాలిగా తీసుకుని మెడలో కార్డు వేశారు. ప్రశ్నల కాగితంలో ఏడో ప్రశ్న హన్నాదే: "నీకు స్నానం ఎవరు చేయిస్తే ఇష్టం?"

పదకొండిళ్లు తిరిగారు. పదకొండు చోట్లా తల్లులే జవాబిచ్చారు, "నేనే కదండీ" అని. సర్వే నడిపే కాలేజీ పెద్దసారు విసుక్కుని, "పన్నెండో ఇంట్లోనూ ఇంతే అయితే ఏడోది తీసేద్దాం" అన్నారు. హన్నాకి ఒళ్లు మండింది. తన తల్లి అమలమ్మా అంతే. ఎవరేమడిగినా, హన్నా నోరు తెరిచేలోపు జవాబు చెప్పేసేది.

పన్నెండో ఇల్లు కంకిపాడులో. చక్రికి ఇరవై ఎనిమిదేళ్లు, అతనూ హన్నాలాంటి వాడే. తల్లి సుబ్బరత్నం గుమ్మంలోనే "కాఫీ పెట్టనా అమ్మా?" అంది. కాలేజీ తరఫున హన్నాతో ఇళ్లన్నీ తిరుగుతున్న సింధూరి ఎప్పటిలాగే, "వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాం" అంది. ఎవరింట్లోనూ ఏమీ తీసుకోకూడదని కాలేజీ రూలు. రూలు మంచిదే. కానీ కాఫీ వద్దంటే ఆవిడకి వంటింట్లో పనేముంది? వచ్చి కొడుకు పక్కనే కుర్చీ వేసుకుంది.

ఆరు ప్రశ్నలకీ ఆవిడే చెప్పింది. చక్రి ప్రతిసారీ నోరు తెరవడం, మూసుకోవడం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది వ్యవహారం.

హన్నా కాగితం పక్కన పెట్టింది. "ఆంటీ, నాకు కాఫీ కావాలి."

సింధూరి కళ్లు పెద్దవి చేసింది. హన్నా చూడనట్టే ఊరుకుంది. "ఫిల్టర్ కాఫీ అండీ. కొత్త డికాక్షన్‌తో."

"అయ్యో, అంతగా అడగాలా తల్లీ!" అంటూ సుబ్బరత్నం సంబరంగా లోపలికెళ్లింది.

డికాక్షన్ దిగడానికి పది నిమిషాలైనా పడుతుంది. హన్నా ఏడో ప్రశ్న అడిగి ఊరికే కూర్చుంది. సింధూరి ఏదో అనబోతే మోచేత్తో పొడిచింది.

చాలాసేపటికి చక్రి అన్నాడు, "ఎవరూ వద్దు. నేనే పోసుకుంటా. నాకు సిగ్గు."

"అమ్మకి చెప్పావా?"

"అమ్మ అడగలేదు."

"నేను చెప్పనా?"

చక్రి ఆలోచించాడు. "నువ్వుండు. నేనే చెప్తా."

సుబ్బరత్నం కాఫీ తేగానే చెప్పేశాడు. ఆవిడ గ్లాసులు కింద పెట్టి కొడుకు వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"మీసం వచ్చినప్పట్నుంచి."

ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనిమిదో ప్రశ్నకి అలవాటుగా నోరు తెరిచి, కొడుకు వైపు చూసి ఊరుకుంది.

మర్నాడు పెద్దసారు ఆ కాగితం రెండుసార్లు చదివి, "సరే, ఏడోది ఉంచుదాం" అన్నారు.

"ఉంచితే చాలదు సార్," అంది హన్నా. "ఆ పదకొండిళ్లకీ మళ్లీ వెళ్లాలి. ఈసారి కాఫీ వద్దనకూడదు."