గోల్‌గుంబజ్ హోటల్లో కందూరు

సమాధి మీద మొదటి పచ్చగుడ్డ కప్పింది ఎవరో ఇప్పటికీ తెలియదు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు పక్కన వలి బాషా బిర్యానీ హోటల్ పెట్టి, దాని ముందర బీజాపూరు గోల్‌గుంబజ్‌ను రెండు నిలువుల ఎత్తున సిమెంటుతో కట్టించాడు. వేసిన సున్నం ఆరకముందే ఒక పొద్దున వచ్చి చూస్తే, లోపలి సమాధి మీద పచ్చగుడ్డ, దాని మీద చక్కెర పొట్లం, పొట్లం చుట్టూ చీమలు. అందరికన్నా ముందు నమ్మింది ఆ చీమలే.

"మంచిదేలే, మన హోటలు జనం కంట్లో పడింది," అని వలి బాషా సంబరపడ్డాడు.

ఆయన కూతురు రుక్సానా మామూలుగానే తక్కువ మాట్లాడుతుంది. అయితే గుంబజ్ ఆలోచన మాత్రం ఆమెదే. డిగ్రీలో చరిత్ర చదివేటప్పుడు కాలేజీవాళ్లు బస్సులో బీజాపూరు తీసుకుపోయారు. ఆ గుమ్మటం కింద నిలబడి పైకి చూస్తే మెడ పట్టేసింది. నాయన హోటలుకు ఏదైనా కొత్తదనం కావాలన్నప్పుడు, పట్టేసిన ఆ మెడ గుర్తొచ్చి చెప్పింది. లోపల సమాధి వద్దనే అంది. "సమాధి లేకుంటే నీళ్ల ట్యాంకు అనుకుంటారు మే," అని వలి బాషా దాన్నీ పెట్టించాడు.

వలి బాషా కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో చాలా ఏళ్లు వంట చేశాడు. రుక్సానాకు చిన్నప్పుడు నాయనంటే ఫోన్లో గొంతు. సెలవులకు వచ్చినప్పుడు సూట్‌కేసు విప్పి, పిల్ల ఎంత ఎదిగిందో అంచనా తప్పి, మోకాళ్లు దాటని గౌన్లు చేతిలో పెట్టే మనిషి. ఇప్పుడు పొద్దున్నే పెరట్లో ఆయన గొంతు గరగర సవరించుకునే చప్పుడు వినిపిస్తుంటే ఇల్లు నిండినట్టు ఉండేది. అయితే హోటలు నడవకపోతే ఆ చప్పుడు మళ్లీ విమానం ఎక్కుతుంది. కువైట్‌లో ఉన్న చిన్నాయన ఖలీల్ అప్పుడే వీసా సిద్ధం చేసి పెట్టాడు. నెల ఆఖరి శుక్రవారం లోపల వస్తాడో రాడో చెప్పమన్నాడు.

హోటలు నడవడం లేదు. జనం మాత్రం విరగబడి వస్తున్నారు.

గురువారం వస్తే పులివెందుల వైపు నుంచి ఆటోలు, ముద్దనూరు వైపు నుంచి ట్రాక్టర్లు. బస్సులో కండక్టరు "దర్గా! దర్గా కాడ దిగేవాల్లు ముందుకు రాండప్పా!" అని అరుస్తున్నాడు. దిగినవాళ్లు సమాధి మీద చక్కెర పెట్టి, హోటలు వైపు చూడకుండా, వెంట తెచ్చుకున్న కోడిని కార్లు నిలిపే జాగాలో కోస్తున్నారు. మూడు రాళ్లు పెట్టి వండుకుని, విస్తళ్లు పరుచుకుని తింటున్నారు. దర్గా దగ్గర మొక్కు తీర్చుకుని మాంసం వండుకు తినడాన్ని కందూరు అంటారు. ఆ సీమలో హిందువులూ చేస్తారు, ముసల్మానులూ చేస్తారు. గుమ్మటం, పచ్చగుడ్డ, పక్కన నీళ్ల కొళాయి కనిపిస్తే ఇంకెవరినీ అడిగే పని లేదు. కొళాయి వలి బాషాదే. కరివేపాకు కూడా ఆయన పెరట్లోదే. మరీ మొహమాటం లేనివాళ్లు ఉప్పు అడిగి పోయేవారు.

లోపల వలి బాషా తెల్లటి టోపీ పెట్టుకుని, పెద్ద డేగిసాలో బిర్యానీ వండి పెట్టి, బయట లేచే పొగ చూస్తూ కూర్చునేవాడు.

మొదట బోర్డు రాయించాడు: "ఇది దర్గా కాదు. బిర్యానీ హోటల్." వారం తిరిగేసరికి బోర్డుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు.

తర్వాత తాపీ మేస్త్రీ అమ్జద్‌ను పిలిపించాడు.

"పగలగొట్టప్పా దీన్ని."

"నేను పగలగొట్టను మామా."

"కట్టింది నువ్వేగదప్పా! లోపల ఏముందో నీకు తెల్దా?"

"తెలుసు. ఇసుక, కంకర, మా తాపీ ఒగటి పోయింది, అది గూడా దాంట్లోనే ఉండాది. అయినా మొన్న నా పెండ్లాం ఈడికే వచ్చి చక్కెర పెట్టి పోయింది. నేను గడ్డపార ఎత్తినానని తెలిస్తే ఇంట్లోకి రానీదు. నాకు సంసారం ఉండాది మామా."

ఇక మిగిలింది చరిత్ర. "పాపా, వీల్లకు నిజం చెప్పు. అసలు గోల్‌గుంబజ్‌లో ఉండేది పీరు కాదని, రాజని చెప్పు. రాజంటే ఎవరు మొక్కుతారు?" అన్నాడు వలి బాషా. నలుగురి ముందు నోరు విప్పడమంటే రుక్సానాకు భయం. కానీ శుక్రవారం గురించిన భయం అంతకంటే పెద్దది. గుంబజ్ ముందర స్టూలు వేసుకుని నిలబడింది.

"ఈయన పేరు మహమ్మద్ ఆదిల్‌షా. పీరు గాదు, సుల్తాను. వీల్ల వంశంలో మొదటోడు యూసుఫ్. బానిసగా అమ్ముడుపోయి వచ్చినాడు. పెద్దోడైనాక, నేను టర్కీ సుల్తాను కొడుకునని చెప్పుకున్నాడంట."

"మా వీధిలో గూడా ఒగడుండాడు, మా తాత జమీందారని చెప్తాడు," అన్నాడు ఒక ట్రాక్టరు డ్రైవరు.

"వీల్లలో మల్లూ అనేవోడు గద్దెనెక్కి ఏడాదన్నా నిండకముందే సొంత అవ్వే వాని కండ్లు పీకించింది. ఇంకో ఆయన్ను నౌకరు పొడిచి సంపినాడు. ఇంత గొప్ప ఇల్లు వీల్లది. మీరు మొక్కే ఈయన, బతికుండంగానే తన సమాధి తానే కట్టించుకున్నాడు. అదన్నా ముగిసిందా? గోడలకు సున్నం గిలాబు పని సగంలో ఉండంగనే పోయినాడు."

ఒక నడివయసు ఆమె నోటి మీద చేయి వేసుకుంది. "అయ్యో పాపం. మా ఇల్లు గూడా స్లాబు కాడ నిలిచిపోయిందమ్మా. ఆ యప్పకైతే మా బాధ తెలుస్తాది."

రుక్సానా కంగారుపడి గొంతు పెంచింది. "పదేండ్లు జబ్బుతో మంచం పట్టినాడు! సొంత కాలు కదిలించుకోలేనోడు మీకేం చేస్తాడు?"

"మంచంలో ఉన్నోనికే గదా మంచంలో ఉన్నోని కష్టం తెలిసేది. మా అత్తను పిలుచుకొని రావాల," అంది ఇంకొకామె.

"ఇద్దరు పెండ్లాలు చాలక రంభ అని ఒక ఆటకత్తెను పెట్టుకున్నాడు. అందర్నీ ఒకే గుమ్మటం కింద వరసగా పూడ్చినారు!"

ఈ మాటకు మగవాళ్లందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ముగ్గురు ఆడోల్లు కొట్లాడకుండా ఇన్నేండ్లు ఒకే సోట ఉండారంటే, మహిమ గలోడేప్పా," అని ట్రాక్టరు డ్రైవరు చెప్పులు విడిచి దండం పెట్టాడు.

తర్వాతి గురువారానికి ఇల్లు సగంలో ఆగినవాళ్లు తలా ఒక ఇటుక తెచ్చారు. మోకాళ్ల నొప్పులవాళ్లు ఆటో మాట్లాడుకుని వచ్చారు. ఇద్దరు పెళ్లాల మగాడొకడు దూరంగా నిలబడి, ఎవరూ చూడనప్పుడు చక్కెర పెట్టి పోయాడు.

వలి బాషా ఆ రోజు బిర్యానీ వండలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని పాస్‌పోర్టు తీసి, అందులోని తన ఫోటోను చూసుకుంటున్నాడు. రేపే శుక్రవారం. రుక్సానా తల్లి ఖమర్‌బీ వంటింటి గడపలో కూర్చుని, మొగుడిని చూడలేక, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది. రుక్సానా అక్కడ నిలబడలేక బయటికి వచ్చింది.

బయట పులివెందుల శాంతకుమారి కోడికూర దించుతోంది. చీనీపండ్ల తోట ఉన్న మనిషి, గట్టి గొంతు. మొదటి వారం నుంచీ తప్పకుండా వస్తోంది.

"ఏమ్మే సుల్తాను పాపా, ఈ పొద్దు కత లేదా?"

రుక్సానా ఆమె పక్కన కూలబడింది. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుపొచ్చేలా ఉంది. నోటికి వచ్చింది మళ్లీ ఆదిల్‌షాలే. "ఆ వంశంలో ఇబ్రహీమని ఒగాయన ఉన్నాడత్తా. జబ్బు చేస్తే, నయం చేయలేదని హకీములను సంపించినాడు. అది చూసి మిగతా హకీములు ఊరిడిసి పారిపోయినారు. ఆకరికి ఆయన రోగమేందో చెప్పే దిక్కు లేక పోయినాడు."

"మంచి పని జరిగింది," అంటూ శాంతకుమారి సంగటి ముద్ద మీద కూర వేసి ఇచ్చింది. ముద్ద నోట్లో పెట్టగానే రుక్సానా చెవుల్లోంచి వేడి పుట్టింది. ముక్కు కారింది. ఎన్ని నెలలైంది ఇట్లాంటి కూడు తిని.

"అత్తా, నిజం చెప్పు. మీరంతా ఇంత దూరం వస్తాండారు. లోపలికి వచ్చి ఒగసారన్నా ఎందుకు తినరు?"

"మొదటి వారమే తిన్యాం గదమ్మా. నేను, మా ఆయన. నీకు బాధయితాదని చెప్పలేదు."

"చెప్పు."

"దాంట్లో కారం యాడుంది? మసాలా యాడుంది? ఎండుద్రాక్షలేసినాడు, బాలింతకు పెట్టినట్ల. మా ఆయనైతే, ఆసుపత్రి పక్కన పెట్టుకోవాల్సిన హోటలు ఇది అన్యాడు."

రుక్సానా తల దించుకుంది. ఈ సంగతి ఆమెకు కొత్త కాదు. హోటలు తెరిచిన మొదటి పూటే తెలుసు. ఖమర్‌బీకీ తెలుసు. ఎడారిలో అన్నేళ్లు పొయ్యి ముందర నిలబడి నేర్చుకున్న వంట అది. ఆయన ప్లేటు చేతికిచ్చి, తినేవరకు ఎదురుగా నిలబడి మొహంలోకి చూస్తాడు. ఆ చూపుకు తల్లీకూతుళ్లిద్దరూ "శానా బాగుంది" అనే అన్నారు. తర్వాత వంటింట్లోకి పోయి, ఊరగాయ జాడీ మూత చప్పుడు కాకుండా తీసుకున్నారు.

రుక్సానా విస్తరితో సహా లేచి లోపలికి నడిచింది.

"నాయనా, ఒగ మాట."

"గుంబజ్ గురించైతే వద్దులే పాపా. నేను ఖలీల్‌కు వస్తానని చెప్పేస్తాండా."

"గుంబజ్ తప్పేం లేదు. నీ బిర్యానీ బాగలేదు."

ఖమర్‌బీ చేతిలో చేట ఆగిపోయింది. వలి బాషా పాస్‌పోర్టు మూశాడు.

"ఏందీ?"

"కారం ల్యా. సప్పగుంటాది. మొదటి దినం నుంచి అంతే. అమ్మకు గూడా నచ్చదు."

"నన్నెందుకు లాగుతావే మధ్యలో!" అంది ఖమర్‌బీ. కానీ కాదనలేదు.

"అరబ్బులు వేళ్లు నాకినారు మే నా వంటకు," అన్నాడు వలి బాషా. "షేకు తల్లి, ముసలామె, నా చేతి కూడు తప్ప ముట్టేది కాదు."

"ఆమెకు నోట్లో పండ్లు ఉండినాయా నాయనా?"

ఆ ప్రశ్న అడగాలని రుక్సానా అనుకోలేదు. నోరు జారింది. వలి బాషా కూతురిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత ఆమె చేతిలోని విస్తరి లాక్కుని, సంగటి కొంచెం తుంచి, కూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మొహం ఎర్రబడింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు కారానివో, ఇంకెందుకో, తల్లీకూతుళ్లకు అర్థం కాలేదు. విస్తరి మొత్తం ఖాళీ చేశాడు.

ఆ రోజంతా ఆయన రుక్సానాతో మాట్లాడలేదు. రాత్రి అన్నం వడ్డించినా తల ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున్నే పెరట్లో గొంతు సవరించుకునే చప్పుడు కూడా లేదు. రుక్సానా బయటికి పరుగెత్తింది. హోటలు వెనక వలి బాషా రోటి ముందర గొంతుక్కూర్చుని ఉన్నాడు. రోట్లో ఎండుమిరపకాయలు, ధనియాలు. నంబరు ఎప్పుడు అడిగి తీసుకున్నాడో, పక్కన గోడకు ఆనించిన ఫోన్లో శాంతకుమారి అరుస్తోంది.

"తెల్లగడ్డలు ఇప్పుడే ఎయ్యాకప్పా! నీకు తొందరెక్కువ. ముందు మిరపకాయ మెదగనీ!"

"మెదిగినాయమ్మా."

"యాడ మెదిగినాయి? ఫోను దగ్గరికి పెట్టు, చూస్తా."

మధ్యలో ఖలీల్ ఫోన్ మోగింది. శాంతకుమారి మొహం మాయమై కువైట్ నంబరు వచ్చింది. వలి బాషా రెండు చేతులకూ కారం. రుక్సానా ఫోను తీసి ఆయన చెవి దగ్గర పట్టుకుంది.

"ఆ ఖలీల్... విన్నాలేప్పా. నేను రాలేను. వేరేవాల్లకు ఇచ్చేయ్ ఆ వీసా." అవతల ఏదో గట్టిగా అడుగుతున్నాడు. "ఎందుకా? మన పాపను అడుగు, చెప్తాది. నాకు చేతులు ఖాళీ లేవు."

అని మొహం పక్కకు తిప్పి, మూడుసార్లు తుమ్మి, మళ్లీ రోకలిబండ అందుకున్నాడు.