వదులు చేసే చెయ్యి

నేను కలప కోసే మిల్లులో పట్టీ రంపం నడుపుతాను. రెండు పెద్ద చక్రాల మీద ఉక్కు పట్టీ బిగిసి పరుగెడుతుంటుంది. సాయంత్రం మిల్లు ఆపగానే పిడి తిప్పి ఆ పట్టీని వదులు చెయ్యాలి. లేకపోతే బిగువుకి సాగిపోతుంది, పగుళ్ళు వస్తాయి. నాకు పని నేర్పిన మేస్త్రీ, “నువ్వు ఇంటికెళ్ళి నడుం వాలుస్తావు కదరా, దాన్నీ వాల్చనీ” అనేవాడు. ఇరవై ఆరేళ్ళలో నేనా మాట ఒక్క రోజూ తప్పలేదు.

మా ఆవిడ చిన్నపిల్లల బడిలో తొమ్మిదేళ్ళుగా ఆయా. ముక్కులు తుడవడం, బూట్లు తొడగడం, ఏడ్చేవాళ్ళను చంకనేసుకోవడం. తను పాట అందుకుంటే మాత్రం పిల్లలు ఏడుపు మరిచిపోతారు. ఈమధ్య పాటల టీచరు ఉద్యోగం మానేస్తోంది. హెడ్మిస్ట్రెస్ మా ఆవిడను పిలిచి, యుకులేలే వాయిస్తూ పిల్లల చేత ఒక పాట పాడించగలిగితే ఆ క్లాసు నీకే ఇస్తానంది. లేదంటే బయటినుంచి ఎవరినో తెచ్చుకుంటారు. పన్నెండు రోజుల గడువు.

యుకులేలే అంటే గిటారుకు చంటిపిల్ల లాంటిది. నాలుగే తీగలు, అవీ నైలాన్‌వి, వేళ్ళు కోసుకుపోవు. ఒక్క వేలు ఆనించి మీటితే నాలుగు తీగలూ కలిసి ఒక కార్డ్‌గా పలుకుతాయి. మూడు కార్డులు వస్తే పిల్లల పాటలు సగం వచ్చినట్టేనని పాటల టీచరు ధైర్యం చెప్పింది. ఏ తీగ ఎలా పలకాలో ఆ టీచరే మా ఆవిడ ఫోన్లో రికార్డు చేసి కూడా ఇచ్చింది. యుకులేలే కొన్నచోట కొట్టాయన, కొత్త తీగలు కదా, నాలుగైదు రోజులు సాగుతాయి, శ్రుతి జారినప్పుడల్లా బిగిస్తూ ఉండండి అన్నాడట. నేను బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాను. ఆ మాట వినలేదు.

మొదటి సాయంత్రం ఆమె వాయించి, దాన్ని గూట్లో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. నేను లేచి, తీగలు బిగించే నాలుగు బిరడాలనూ తలో అర తిప్పు వదులు చేశాను. పడుకో తల్లీ అనుకున్నాను. కుళాయి కట్టేసినంత మామూలుగా చేసిన పని. చెప్పాలని కూడా తోచలేదు. మర్నాడూ అంతే.

పొద్దున్నే ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కో తీగా మీటి, గొంతులో పలికి చూసుకుని, బిగించేది. పాటకు మిగలాల్సిన అరగంట అక్కడే అయిపోయేది. మొదట తీగలను తిట్టింది. ఆరో రోజు కొట్టుకు పట్టుకెళ్ళింది. ఆయన నిమిషంలో శ్రుతి చేసి, ఇందులో లోపమేం లేదమ్మా అన్నాడు. ఇక లోపం తన చెవిదేనని ఆమె తేల్చేసుకుంది.

అప్పటినుంచి ఇంట్లో ఏదీ ఉన్నచోట ఉండలేదు. టీ సగం తాగి లేచేది, యుకులేలేను మీటి పెట్టేసేది, మళ్ళీ తీసేది. అన్నీ మెల్లగా వస్తాయిలే అన్నాను.

“మీకేం, మీ రంపానికి శ్రుతి అక్కర్లేదు,” అంది.

ఎనిమిదో రోజు రాత్రి ప్రార్థన పాటలో ఆమె పెదవులు మాత్రమే కదిలాయి. ఇరవై రెండేళ్ళుగా మా ఇంట్లో ప్రార్థన అంటే ఆమె గొంతే. దేవుడా, ఆమె చెవి సరిచెయ్యి అని మొక్కాను. మొక్కి, లేచి, గూటి దగ్గరికి వెళ్ళి నాలుగు బిరడాలూ వదులు చేశాను.

శుక్రవారం జోరున వాన. పిల్లలకు పాట నేర్పేందుకు పట్టుకెళ్ళిన యుకులేలేను, తడుస్తుందని బడి బీరువాలోనే ఉంచి వచ్చింది. శనివారం తీసి మీటితే శ్రుతి ఎక్కడిదక్కడే ఉంది, ఒక తీగ కాస్త జారిందంతే. ఆ సాయంత్రం ఇంట్లో వాయించి, గూట్లో పెట్టి, వంటింట్లోకి వెళ్ళినట్టే వెళ్ళి గుమ్మంలో ఆగింది.

“ఏం చేస్తున్నారు?”

“వదులు చేస్తున్నా.”

“ఎందుకూ?”

“పొద్దుణ్ణుంచీ బిగిసి ఉంది కదా. కాస్త విశ్రాంతి ఇవ్వద్దూ?”

“రోజూనా?”

“తెచ్చిన రోజు నుంచీ.”

ఆమె స్టూలు మీద కూలబడింది. కేకలేస్తుందనుకున్నాను. “పది రోజులు నన్ను చెవిటిదాన్ని చేశారు కదండీ,” అంది. అదీ నెమ్మదిగా.

ఆదివారమంతా వాయిస్తూనే ఉంది. రోజూ నేను వదులు చేసిన కొత్త తీగలు అప్పుడే కుదురుకోవడం మొదలుపెట్టాయి, వాయించేకొద్దీ గంటకోసారి కాస్త జారుతూనే ఉన్నాయి. వాయించనప్పుడు బీరువాలో పెట్టి తాళం వేసింది. ప్రార్థనలో ఏం అడగాలో నాకు తెలియలేదు. బాగున్న చెవిని బాగుచెయ్యమని అడుగుతుంటే దేవుడు వింటూ ఊరుకున్నాడా? ఆ వానే జవాబనుకుందామంటే, శుక్రవారం దాకా ఎందుకు ఆగాడు?

సోమవారం గడువు. మిల్లుకు గంట ఆలస్యంగా వస్తానని చెప్పి బడి కిటికీ దగ్గర నిలబడ్డాను. పదహారు మంది పిల్లలు, వెనక కుర్చీలో హెడ్మిస్ట్రెస్. పాట మధ్యలో ఒక తీగ జారింది. నాకు కూడా వినబడింది. కిటికీ ఊచ పట్టుకున్నాను. మా ఆవిడ పిల్లల్ని చప్పట్లు కొడుతూ పాడమంది. వాళ్ళు పాడుతుండగానే గొంతులో ఆ స్వరం పలికి, బిరడా తిప్పి, మీటి, పాటలో కలిసిపోయింది. ఫోన్ వైపు చూడనైనా లేదు.

హెడ్మిస్ట్రెస్ పాట సంగతి పక్కనపెట్టి, పాట ఆపకుండా శ్రుతి చెయ్యడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగిందట. రోజూ పొద్దున్నే మొదటికొచ్చేదండీ, అలా అలవాటైంది అని చెప్పిందట మా ఆవిడ. నా పేరు ఎత్తలేదు. క్లాసు ఆమెకే ఇచ్చారు.

సాయంత్రం ఆ కబురు విని, చూశావా, అంతా ఆయన దయ అన్నాను.

“అది మీరు చేసిన పని. ఆయన మీదకి తొయ్యకండి,” అంది. వంటింట్లోకి వెళ్తూ, “మంచికే అయినా సరే,” అంది.

యుకులేలే ఇప్పుడు గూట్లోనే, బిగిసే ఉంది. తాళం తీసేసింది. ప్రార్థనలో మళ్ళీ గొంతెత్తింది. ఆమె పాడుతున్నంతసేపూ నేను, గూటి వైపు పోకుండా, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకునే కూర్చున్నాను.