ఓరుగల్లు తూటా వేగం

సారంగపాణి సారు కాలేజీకెల్లి రిటైరైండు గని, ఫిజిక్సు ఆయన నోట్లకెల్లి రిటైరు గాలేదు. కూరగాయల బండి కాడ తరాజు గురించి పాఠం, హసన్‌పర్తి బస్సు బ్రేకు కొడితే జడత్వం గురించి పాఠం. వినేటోళ్లు లేక పాపం ఆయన పానం కొట్టుకుంటాంది. గసొంటి టైముల మేనకోడలు సుకన్య వచ్చి, "మామా, నీతోని ఒక లెక్క పనున్నది" అన్నది. ఇగ చూడాలె ఆయన సంబురం!

సుకన్య రైఫిల్ షూటరు. ధర్మసాగర్ తొవ్వల ఉన్న క్లబ్బుల నేర్చుకుంటాంది. సోమవారం హైదరాబాదుల సెలక్షన్. అండ్ల నెగ్గితే స్పోర్ట్స్ కోటాల పోలీసు నౌకరి వస్తది. ఈసారి తప్పిందంటే వయసు దాటిపోతది, మళ్ల అడుగుడే ఉండదు. చిక్కేందంటే, అక్కడ ఐదు వందల మీటర్ల దూరం కొట్టాలె. మన క్లబ్బుల మొన్నటిదాంక వంద మీటర్లే ఉండె, మూడు వందలది గీ వారమే కొత్తగ తెరిచిన్రు. హైదరాబాదుల సరిచూసుకునెటందుకు ఒక్క తూటా గూడ ఎక్కువియ్యరట. రైఫిల్ మీద గురి చూసే సైటు ఎంత తిప్పాల్నో ఇక్కణ్ణుంచే లెక్కగట్టుకొని పోవాలె. దానికి తూటా వేగం తెలువాలె, వేగం కొలిచే మిషనేమో క్లబ్బుకు లేదు.

"మిషనెందుకే పిచ్చిపిల్లా? నేను లేనా?" అన్నడు సారంగపాణి. "తూటా ఎంత జోరుగ ఉరికినా, మిద్దె మీదికెల్లి జారిన రాయి లెక్కనే కిందికి పడుకుంట పోతది. ఎంత కిందికి దిగిందో కొలిస్తే ఎంత సేపు గాలిల ఉన్నదో తెలుస్తది. ఎంత దూరం పోయిందో మనకు ముందే ఎరుక. దూరాన్ని టైముతోని భాగిస్తే వేగం. గంతే!"

తెల్లారి క్లబ్బుకు పోయిన్రు. వంద మీటర్ల కాడ నడిమధ్యల తాకేటట్టు సైటు కుదిరిచ్చి, దాన్ని ముట్టుకోకుంట "300 మీటర్లు" అని రాసున్న బోర్డు పక్కపొంటి ఉన్న టార్గెట్‌ను కొట్టుమన్నడు. సుకన్య బోర్లా పండుకొని చూసి, "మామా, మూడు వందలంటే గింత దగ్గర ఉంటదా?" అన్నది.

"కండ్లు మోసం చేస్తయి బిడ్డా. లెక్క చెయ్యది. కొట్టు."

కొట్టింది. టార్గెట్ అట్ట తెచ్చి చూస్తే తూటాలన్ని ఒక్క తీరుగ, నడిమధ్యకు జానెడు లోపే కిందికి తాకినయి. సారంగపాణి మూరెడన్న దిగుతదనుకున్నడు. అక్కడ్నే కూసొని లెక్కగట్టిండు. సెకనుకు పదమూడు వందల మీటర్లు వచ్చింది. గసొంటి రైఫిల్ తూటా ఎనిమిది వందలు దాటొద్దు. ఎక్కడో తప్పు పోయిందని ఆయన మళ్ల కొలవబోయిండు.

కని అప్పుడే క్లబ్బు సెక్రటరీ భానుచందర్ వెనుకకెల్లి తొంగిచూసి, "పదమూడు వందలా! సార్, గిది రికార్డు!" అని ఒర్రిండు. అంతే, అనుమానం అక్కడ్నే సచ్చింది. మన ఎండలకు గాలి పల్చబడ్డది, పల్చటి గాలిల తూటా ఉరుకుతది అని సారు తనకు తానే సర్దిచెప్పుకొని, ఐదు వందలకు సైటు ఎంత తిప్పాల్నో సుకన్యకు చెప్పిండు. పాత దోస్తు, లెక్కల లెక్చరర్ రాజమౌళి ఫోన్ల "గంత వేగమైతే నీ తూటా హైదరాబాదు దాటిపోతదిరా" అని నవ్విండు. "కుళ్లు!" అని ఫోను పెట్టేసిండు సారంగపాణి. పేపర్ల కూడ వచ్చింది, "ఓరుగల్లు తూటా వేగానికి శాస్త్రవేత్తలు ఫిదా" అని. ఏ శాస్త్రవేత్తలో ఎవ్వలు అడగలేదు.

ఆదివారం క్లబ్బుల సన్మానం పెట్టిన్రు. టెంటు, సోఫాలు, మైకు, ముఖ్య అతిథిగ ఒక లీడరు. రాజమౌళి మొదటి వరుసల్నే కూసున్నడు, బిర్యానీ ఉన్నదన్నరు మరి. ఫొటోకు టార్గెట్ కాడ నిలబడుమన్నరని సారంగపాణి అటు నడుస్తాంటే భానుచందర్ చెయ్యి పట్టుకొని మెల్లగ నడిపిస్తాండు.

"ఎక్కువ దూరం లేదు సార్, ఫికర్ జెయ్యకున్రి. గీ మూడు వందల రేంజి ఓపెనింగ్ నాడు గిదే లీడరుసాబుకు టార్గెట్ కనపడ్తలేదంటే, వంద మీటర్లు ముందుకు తెచ్చి పెట్టినం. బోర్డు లేకుంటే ఫొటోల ఏం బాగుంటదని, బోర్డు గూడ తెచ్చినం. ఇగ మళ్ల ఎవలు మోస్తరని అట్లనే ఉంచినం."

సారంగపాణి మనసుల లెక్క మళ్ల కట్టిండు. మూడు వందలు కాదు, రెండు వందలు! వేగం లేదు, రికార్డు లేదు, ఏం లేదు. ఐదు వందల కాడ సుకన్య తూటాలు టార్గెట్‌కు కాదు గదా, దాని కింద గడ్డికి తాకుతయి.

ఆయన ఏం చేసిండో చెప్పాల్నంటే నాకే సిగ్గయితాంది. మైకు కాడికి పోలేదు. మెల్లగ సుకన్య పక్కకు పోయి చెవుల "బిడ్డా, రేపు సైటు జర ఎక్కువ తిప్పుకో" అన్నడు.

"ఎంత మామా?"

"జర... మంచిగనే ఎక్కువ."

"లెక్కల జర ఏంది మామా? నువ్వు చెప్పినంతే తిప్పిన. నీ లెక్క మీద నాకు నమ్మకమున్నది." అన్నది పిల్ల నవ్వుకుంట.

ఆ నవ్వు ఆయనకు కత్తిలెక్క దిగింది. సీదా పోయి మైకు గుంజుకున్నడు. "తప్పయింది! బోర్డు ఉన్నది రెండు వందల కాడ. తూటా వేగం మామూలే. నా లెక్క తప్పు!"

చప్పట్లే చప్పట్లు. "పెద్దోళ్లు గిట్లనే తగ్గి మాట్లాడ్తరు, ఎంత వినయం!" అన్నడు భానుచందర్. లీడరుసాబు లేచి శాలువా కప్పిండు. రాజమౌళి ఒక్కడే కడుపు పట్టుకొని కింద మీద నవ్వుతాండు.

సారంగపాణికి మండింది. శాలువా తోనే పోయి ఆ బోర్డును పీకి భుజాన పెట్టుకున్నడు. టార్గెట్‌ను ఇద్దరు పోరగాళ్లతోని మోయించిండు. అందరు చూస్తాంటెనే వెనుకకు, అసలు జాగకు తీస్కపోయి పాతిచ్చిండు. మళ్ల వచ్చి "ఇప్పుడు కొట్టు బిడ్డా" అన్నడు. సుకన్య సైటును మళ్ల వంద మీటర్లకు తిప్పుకొని కొట్టింది. తూటా మూరెడు దాటి కిందికి తాకింది.

ఇగ చూడు జనం మొఖాలు! "నిన్నటిదాంక పదమూడు వందలుండె, సారు బోర్డు ముట్టంగనే సగమైపాయె" అని ఒకడు. "ఉన్న పేరు చెడగొట్టిండు, ఓరుగల్లంటే జర ఇజ్జత్ ఉండాలె గదా" అని ఇంకోడు. లీడరుసాబు కారెక్కి పోయిండు. భానుచందర్ చానసేపు గొణిగి, శాలువా ఎట్లయిన క్లబ్బుదేనని గుర్తుచేసి, మడతబెట్టుకొని తీస్కపోయిండు.

టెంటు విప్పుతాన్రు. సుకన్య రైఫిలు తుడుస్తాంది గని మామ మొఖం చూస్తలేదు.

"కోపమా బిడ్డా?"

"లెక్క తప్పిందని కాదు మామా." ఆమె తుడిచే గుడ్డను పక్కకు పెట్టింది. "తెలిసినంక గూడ నా చెవుల జర ఎక్కువ తిప్పుకో అన్నవు చూడు. అప్పుడు నా నౌకరి కన్న నీ పేరే ఎక్కువైందా?"

కాదని అందామనుకున్నడు సారంగపాణి.

"అయింది బిడ్డా. జర సేపు అయింది" అన్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, తుడుసుకోలేదు.

సుకన్య కాగితం, పెన్ను తీసి ఆయన ముందట పెట్టింది. ఆయన కొత్త అట్ట కొలిచి, మొత్తం మళ్ల కట్టి ఐదు వందలకు ఎంత తిప్పాల్నో రాసిచ్చిండు. సుకన్య ఆ కాగితాన్ని మలిపి, వెనుక దిక్కు లెక్కను మొదటికెల్లి తానే కట్టుకున్నది. రెండు లెక్కలు కలిసినంకనే సైటు తిప్పింది.