గాదె మీది తీగ

రేడియోలో నూట అరవై మీటర్ల బ్యాండు చలికాలంలోనే బతుకుతుంది, దూరాల గొంతులు అప్పుడే అందుతాయి. అందుకే దానికి యాంటెన్నా తీగ కట్టాలన్న ఆలోచన ఐనార్‌కు నేల గడ్డకట్టాకే పుట్టింది. వేసవంతా ఏం చేశావయ్యా అని అడగకూడదు. ఇంట్లోంచే రేడియోలో దేశదేశాలతో మాట్లాడే హ్యామ్ పిచ్చివాళ్లందరూ అంతే.

ఉత్తర డకోటాలో అతని పొలం నడుమ నూట యాభై అడుగుల ఇనప టవరు ఉంది. డెబ్బై దాటిన ఐనార్ దాన్ని ఎక్కలేడు. ఎక్కేది పక్క పొలం డ్వేన్, అతనూ హ్యామే.

"పైనుంచి ఏటవాలుగా దింపుదాం తీగని" అన్నాడు ఐనార్.

"ఎందుకు పెద్దాయనా? ధాన్యం గాదె మీంచి లాగితే చాలదా? నిచ్చెనేస్తే పనైపోద్ది."

"గాదె మీంచి మాట్లాడితే నా గొంతు మీ ఆవిడ మార్సీకి కూడా వినపడదు."

"అది నేను పక్కన కూర్చుని అరిచినా వినదులే!" డ్వేన్ నవ్వి, టవరును పట్టి ఉంచే స్టే వైరును బూటుతో తన్ని చూశాడు. "దీన్ని భూమిలో పట్టుకున్న కడ్డీ ఎలా ఉందో? ఎప్పుడైనా తవ్వి చూశావా?"

టవరు నిలబెట్టాక ఒక్కసారీ చూడలేదు. చూడాలంటే మంచు కరగాలి. ఈ నెలలోనే పసిఫిక్‌లోని ఒక ఖాళీ దీవికి ఎవరో రేడియోతో వెళ్తున్నారు. వాళ్లతో మాట కలపకుండా చావకూడదని ఐనార్ పంతం.

"బాగానే ఉంటుందిలే, ఎక్కు" అన్నాడు.

తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం అది. అబద్ధం కన్నా పాపం.

డ్వేన్ పైకి చేరి, నడుముపట్టా టవరుకు తగిలించుకుని, తీగను బిగించి లాగాడు. ఉత్తరం వైపు కడ్డీ మట్టిలో పుటుక్కున తెగింది. పైకి కనిపించినంత మేర నున్నగానే ఉంది, అడుగున తుప్పు తినేసింది. టవరు వంగింది. "దూకు" అని ఐనార్ అరిచాడు. నడుముపట్టా ఉన్నవాడు ఎక్కడికి దూకుతాడు?

హ్యామ్ పోతే అంత్యక్రియలనాటి సాయంత్రం అతని కాల్‌సైన్‌ను, అంటే రేడియోలో అతన్ని గుర్తుపట్టే పేరును, మూడుసార్లు పిలుస్తారు. జవాబు రాకపోతే సెలవు చెబుతారు. డ్వేన్‌కి ఇష్టమైన ఆ నూట అరవై మీటర్ల బ్యాండు మీదే ఐనారే పిలవాలంది మార్సీ. టవరు ముక్కలై పొలంలో పడుంది. ఐనార్ నిచ్చెన వేసుకుని గాదె మీంచి తీగ లాగాడు.

మార్సీ పక్కన కూర్చుంటే మూడుసార్లు పిలిచాడు. గరగరలు తప్ప ఏమీ లేదు. సెలవు చెప్పాక, వింటున్న హ్యామ్‌లు ఒక్కొక్కరే పలికారు.

"ఐనార్, ఇక్కడ టెక్సస్‌లో నువ్వు పక్కింట్లోంచి మాట్లాడినట్టుంది" అన్నాడొకడు. ఆరెగాన్ నుంచి కూడా అదే మాట.

మార్సీ కిటికీలోంచి చూసింది. "ఈ తీగ దేనికి కట్టావు?"

"గాదెకి."

"ఎంతసేపు పట్టింది?"

"గంట పట్టిందేమో."

ఆమె కోటు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లిపోయింది. రేడియోలో ఇంకెవరో అతని గొంతు ఎంత బాగా వినిపిస్తోందో చెబుతూనే ఉన్నారు.