చాయ ప్యాకెట్ ఓట్లు

1983లో ఒక చాయపత్తా కంపెనీ ప్రతి ప్యాకెట్లో ఓటు చీటీ పెట్టింది. ఎక్కువ చీటీలు వచ్చిన ఆశ్రమానికి కొత్త పైకప్పు వేయిస్తామని చెప్పింది. ఆ మాట విన్ననాటి నుంచి, వరంగల్‌లో మగ్గం నేసే సోమక్క ఇల్లిల్లూ తిరిగింది.

"చాయ ఎట్లాగూ తాగుతరు గదా! చీటీ మీద హసన్‌పర్తి తొవ్వల ఉన్న కుష్ఠు ఆశ్రమం పేరు రాసియ్యిండ్రి" అని బతిమాలింది.

ఆమె చెల్లెలు మొగిలమ్మ తొమ్మిదేళ్లుగా ఆ ఆశ్రమంలోనే ఉందని వాడకట్టులో ఎవరికీ తెలియదు. తెలిస్తే తన ఇంట మంచినీళ్లు కూడా ముట్టరని సోమక్క భయం.

ఆశ్రమం గెలిచింది. ఆశ్రమంలో పెట్టిన సభకు వాడకట్టు ఆడవాళ్లంతా బస్సెక్కి వెళ్లారు. కంపెనీ పెద్దమనిషి సోమక్కను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. అప్పుడే వెనక వరుసలోంచి వేళ్లు లేని చేయి ఒకటి పైకి లేచింది.

"అక్కా! సోమక్కా!"

"ఆమె మీకేమవుతుందమ్మా?" అని పెద్దమనిషి అడిగాడు.

సోమక్క సభ వైపు చూసింది. ఎదురుగా వాడకట్టంతా తననే చూస్తోంది.

"నాకెరుక లేదు సారూ" అంది.

మొగిలమ్మ చేయి మెల్లగా కొంగు చాటుకు పోయింది. "తప్పయింది సారూ. కండ్లు సరిగ్గ కానొస్తలేవు, మా అక్క అనుకున్న" అని కూర్చుండిపోయింది.

వానలకు ముందే కొత్త పైకప్పు వేశారు. ఎప్పటిలాగే ఒంటరిగా, దొంగచాటుగా సోమక్క చెల్లెలిని చూడటానికి వెళ్లింది. మొగిలమ్మను పిలవడానికి లోపలికెళ్లిన ఆశ్రమం నర్సు ఒక్కతే తిరిగొచ్చింది.

"ఆమెకు సుట్టాలెవ్వల్లేరట. పొమ్మన్నది."