నాన్న సంతకం పెట్టిన కాగితం

నాన్న గడ్డం గీసుకుంటూ వాతావరణం అప్పజెప్పేవాడు. ఆ రోజుది కాదు, ఎప్పుడూ ఒకే ఒక్క పాత రోజుది. "గాలి రెండు వందల పది డిగ్రీల నుంచి, వేగం ఎనిమిది నాట్లు. కనుచూపు ఆరు వేల మీటర్లు. ఉష్ణోగ్రత పన్నెండు, డ్యూపాయింట్ పది." ఎక్కాలు చదివినట్టు, ఒక్క అంకె తప్పేవాడు కాదు. "మళ్లీ మొదలెట్టారా?" అనేది అమ్మ వంటింట్లోంచి. అంతకుముందు అదే అద్దం ముందు పాటలు పాడేవాడు. అపస్వరమే, కానీ పాడేవాడు. ఇప్పుడు అంకెలు చెప్పుకుని, నురుగు కడుక్కుని, గోదాములో గుమాస్తా పనికి వెళ్లిపోయేవాడు.

గోదాముకు ముందు ఆయన పెద్ద విమానాల కంపెనీలో ఫ్లైట్ డిస్పాచర్. విమానం నడిపేది కెప్టెనే. కానీ ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం పొయ్యాలి, అక్కడ దిగలేకపోతే ఇంకెక్కడ దిగాలి అన్నీ తేల్చి, బయల్దేరొచ్చని సంతకం పెట్టేది డిస్పాచర్. ఆ సంతకం లేనిదే చక్రం కదలదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆయన సంతకం పెట్టిన విమానం ఒకటి ఏ అంచనాలోనూ లేని పొగమంచులో దిగుతూ రన్‌వే దాటిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ చనిపోయింది. నాన్నని ఎవరూ తిట్టలేదు. పై అధికారి ఒకే మాటన్నాడట: "ఓ గంట ఆగి ఉంటే బాగుండేదండీ." ఆ వారంలోనే రాజీనామా రాయించుకున్నారు. తిట్టి ఉంటే నాన్న ఎదురు తిరిగేవాడు. మెత్తగా అన్న మాటకు ఏం చేస్తాడు? దాన్ని పదిహేడేళ్లు కడుపులో పెట్టుకుని, రెండేళ్ల కిందట పోయాడు.

నేనూ ఆ చదువే చదివాను. ఆరు ముసలి సరుకు విమానాలున్న చిన్న కంపెనీలో ఏడేళ్లు చేశాను. అందులో ఏదో ఒకటి మూలగని రోజు లేదు. ఈ ఏడు నాన్న కంపెనీ వాళ్లు డిస్పాచర్లు కావాలని ప్రకటన ఇచ్చారు. వాళ్లు పెట్టిన వయసు పరిమితి ప్రకారం నాకిదే ఆఖరి అవకాశం.

"ఇంకో కంపెనీయే దొరకలేదుటే నీకు?" అంది అమ్మ.

"దొరుకుతాయి. నాకక్కడే కావాలి."

మొండితనం నాకు నాన్న నుంచే వచ్చింది. నాన్నని దింపేసిన కుర్చీలో కూర్చోవాలి, అంతే.

పరీక్షకు నలుగురం వచ్చాం. పరీక్ష పెట్టే పెద్దమనిషి కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని, తలా ఒక కాగితాల కట్ట ఇచ్చాడు. తేదీ, ఊళ్ల పేర్లు నల్లగా కొట్టేసి ఉన్నాయి. "అరగంట టైముంది. ఈ విమానాన్ని పంపిస్తారా, ఆపుతారా? కారణం రాసి సంతకం పెట్టండి" అన్నాడు.

మొదటి లైను చదివాను. గాలి రెండు వందల పది డిగ్రీల నుంచి, వేగం ఎనిమిది నాట్లు. మిగతావి చదవక్కర్లేదు, నోటికొచ్చు.

ఒళ్లు మండింది. నాన్న తప్పుని తెచ్చి ప్రశ్నపత్రం చేసి కూర్చున్నారన్నమాట. ఆపుతానని రాస్తే ఉద్యోగం నాదే. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలుసు కదా. ఆపుతాను అని రాశాను కూడా. కానీ పెన్ను సంతకం దగ్గర ఆగిపోయింది. రాసింది కొట్టేసి, ఏమీ తెలియనిదానిలా మళ్లీ మొదటి నుంచి చదివాను. ఉష్ణోగ్రత, డ్యూపాయింట్ దగ్గరపడితే పొగమంచు వస్తుంది. ఇక్కడ రెండు డిగ్రీల ఎడం ఉంది. గాలి వీస్తోంది, పొద్దెక్కుతోంది, ముందస్తు అంచనా శుభ్రంగా ఉంది. ఆపడానికి ఒక్క కారణం దొరికితే బాగుండును, ఇన్నేళ్లకైనా నాన్న మీద కోప్పడొచ్చని వెతికాను. దొరకలేదు. 'పంపిస్తాను. ఇంకో ముప్పావు గంటకు సరిపడా ఇంధనం అదనంగా' అని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం చేజారిందనుకుని సంచి సర్దుకున్నాను.

గంట తర్వాత ఆ పెద్దమనిషి నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు.

"ఎప్పుడు చేరతారు?"

"నేను పంపిస్తానని రాశానండీ."

"అదే సరైన జవాబు. పదకొండేళ్లుగా ఇదే పేపరిస్తున్నాం. ఆ రోజు సంగతి ఎక్కడో విన్నవాళ్లు ఆపుతామని రాస్తారు. వాళ్లని తీసుకోం. చేతిలో ఉన్న కాగితం చూసి చెప్పేవాళ్లే మాకు కావాలి."

"మరి ఆ రోజు సంతకం పెట్టినాయన?"

"ఎవరో పాతాయన. ఆయన తప్పేం లేదు. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు."

"ఆయనకి తెలుసాండీ?"

ఆయన కళ్లజోడు కిందికి దించుకుని నా మొహంలోకి చూశాడు. "అది నాకు తెలీదమ్మా" అని నియామకం కాగితం నా ముందుకు జరిపాడు. సంతకం పెట్టాను. నాన్న ఇంటిపేరు రాస్తుంటే ఏడుపొచ్చింది.

బస్టాపు నుంచి అమ్మకు ఫోన్ చేశాను. ఉద్యోగం వచ్చిందని చెప్పాను. నాన్న తప్పు లేదని వాళ్లే అన్నారని, ఆయన చేసిన పనే అక్కడ సరైన జవాబని చెప్పాను. అటువైపు కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఎన్నేళ్ల నుంచి ఇస్తున్నారన్నావు ఆ పేపరు?"

"పదకొండేళ్ల నుంచి."

"మీ నాన్న పోయి రెండేళ్లేగా అయింది" అంది అమ్మ.

బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు, అమ్మ ఫోను పెట్టెయ్యలేదు.

"ఒక్కళ్లు ఫోన్ చేసి చెప్పినా" అంది చివరికి, "మళ్లీ పాటలు పాడుకునేవారేమోనే."