ముందుకాళ్ళెత్తిన మేకలు

సంగటి గెలికి గెలికి భుజం పడిపోతావుందని ఆ పొద్దు నాగవేణి రాగిపిండిని నీళ్ళలో కలిపి కుక్కర్లో పెట్టేసింది. ముద్ద బాగానే వచ్చింది. అత్త సుబ్బక్క కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుంటా అనింది: "ఎవురు చెప్పినారమ్మా నీకీ తెలివి? చెప్పినట్టు చెయ్యి, చాలు." హోసూరు ఫ్యాక్టరీ బస్సుకు పరుగెత్తే మొగుడు ప్రసాదు ఊరుకున్నాడా? "లెక్కల మేడమ్ గదమ్మా, కొత్త సూత్రం కనిపెట్టింది" అని నవ్వినాడు. క్యారియర్లో మాత్రం ఒక ముద్ద ఎక్కువే పెట్టించుకున్నాడు.

అత్త మాటను మనసులో పెట్టుకునే ఉద్దనపల్లి బస్సెక్కింది నాగవేణి. బళ్ళో ఎనిమిదో తరగతికి లెక్క ఇచ్చింది. దొడ్లో కోళ్ళూ మేకలూ కలిసి తలలు ఇరవై, కాళ్ళు యాభై ఆరు. మేకలెన్ని? పిల్లోళ్ళంతా ఎక్స్ అనుకుందాం, వై అనుకుందాం అని పెనుగులాడతా ఉంటే, మేకలోళ్ళ బిడ్డ చిత్ర లేచి "ఎనిమిది మేడమ్" అనేసింది.

"ఎట్లా?"

"మేకలన్నీ ఆకు అందుకునేకి ముందుకాళ్ళు ఎత్తినాయనుకున్నా మేడమ్. అప్పుడు అన్నిటికీ నేలమీద రెండేసి కాళ్ళే, నలభై. గాల్లో పదహారు. మేకకు రెండు లెక్కన ఎనిమిది."

తరగతి గొల్లుమనింది. వెనకనుంచి ఎవడో "మే..." అని అరిచినాడు. నాగవేణి నోట్లోనుంచి ఊడిపడింది: "ఎవురు చెప్పినారు నీకీ తెలివి? చెప్పినట్టు చెయ్యి, చాలు."

అచ్చంగా అవే మాటలు. అదే ఈసడింపు. చిత్ర కూర్చుని, పుస్తకం అంచున గీసుకున్న మేకబొమ్మను ఉమ్మితడి వేలితో రుద్దేసింది.

తిరుగు బస్సులో నాగవేణి కిటికీ అద్దంలో తన ముఖం తాను చూడలేకపోయింది. పిల్లోళ్ళను సొంతంగా ఆలోచించనివ్వండని ట్రైనింగులో చెప్తే ముందు వరసలో కూర్చుని తలూపిన మనిషి. పొద్దున ఇంట్లో తిన్న దెబ్బను కొంగున కట్టుకొచ్చి, తిరిగి మాట్లాడలేని బిడ్డను చూసి కొట్టింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఈ దుత్తకు రెండు జడలున్నాయి.

మర్నాడూ కుక్కరే పెట్టింది. సుబ్బక్క మళ్ళీ అదే మాట. "ఎవురూ చెప్పలేదత్తా. నేనే అనుకున్నా" అనింది నాగవేణి.

బళ్ళో చిత్రను లేపింది. "నిన్నటి మేకల లెక్క చెప్పు తల్లీ."

చిత్ర తలెత్తలేదు. "వద్దు మేడమ్. మీరు చెప్పినట్టే చేస్తా."

ఆ మాటకు నాగవేణి నిలువునా చితికిపోయింది. "తప్పు చిత్రది కాదు, నాది" అని తరగతికంతా చెప్పి, బోర్డు మీద ముందుకాళ్ళెత్తిన మేకను తానే గీసింది. అది కుక్క మాదిరి వచ్చింది. పిల్లోళ్ళు పగలబడి నవ్వినారు. నవ్వనిచ్చింది.

"మేక అట్లా నిలబడదు మేడమ్" అని చిన్నగా వినబడింది.

నాగవేణి సుద్దముక్క చిత్ర చేతిలో పెట్టి, పోయి ఆ బిడ్డ బెంచీలో కూర్చుంది.